గింజలు వచ్చేసరికి మంద ఉండదు

2020 అక్టోబర్ నుంచి 2022 డిసెంబర్ దాకా ఆఫ్రికా తూర్పు కొసన వరుసగా ఐదు వానాకాలాలు ముఖం చాటేశాయి. ఇథియోపియా దక్షిణ భాగం, సోమాలియా, కెన్యా ఉత్తర జిల్లాల్లో ఏడాదికి రెండు వానాకాలాలు ఉంటాయి. అంటే రెండేళ్లకు పైగా పచ్చగడ్డి సరిగా మొలవలేదన్నమాట. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022 చివరికి 90 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. రెండు కోట్ల మందికి పైగా తిండికి కటకటలాడారు. ఒక్క సోమాలియాలోనే 2022లో మామూలు కంటే 43,000 మంది ఎక్కువగా చనిపోయి ఉంటారని లండన్ పరిశోధకులు డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్‌లతో కలిసి అంచనా వేశారు. వాళ్లలో సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలే.

చనిపోయిన పశువుల లెక్కను వ్యవసాయ శాఖ, చనిపోయిన పిల్లల లెక్కను ఆరోగ్య శాఖ రాసుకుంటాయి. ఇంట్లో మాత్రం రెండూ ఒకే సంగతి. పాలు ఆగిన చోట పిల్లలు చిక్కిపోతారు. మంద మీద బతికే కుటుంబానికి సాయం అంటే గింజల బస్తా అనుకునే అలవాటు సహాయ సంస్థలకు ఇంకా పోలేదు. బస్తా అవసరమే, కాదనలేం. కాకపోతే అది చేరే సమయానికి మంద సగం పోయి ఉంటుంది. మంద పోయిన కుటుంబానికి ఆ తర్వాత ఏళ్ల తరబడి బస్తాలు ఇస్తూనే ఉండాలి.

ధర ముందు పడుతుంది, పశువు తర్వాత

కరువులో పశుపోషకుల ఇల్లు కూలే తీరుకు ఒక వరస ఉంది. మొదట పాలు తగ్గుతాయి. మేత కోసం మగవాళ్లు మందను దూరం తోలుకుపోతారు, ఇంటి దగ్గర ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మిగులుతారు. పాడి పశువు కూడా మందతోనే వెళ్లిపోతే వాళ్లకు ఆ కాస్త పాలూ ఉండవు. అప్పుడు గింజలు కొనాలి, దానికి పశువును అమ్మాలి. అందరూ ఒకేసారి అమ్మడానికి వస్తారు, అదీ బక్కచిక్కిన వాటితో. సంతలో పశువు ధర పడిపోతుంది, మొక్కజొన్న ధర పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఒక మేకను అమ్మితే వచ్చే గింజల కోసం ఇప్పుడు రెండు మూడు మేకలు తోలుకెళ్లాలి. 2022లో దీనికి ఉక్రెయిన్ యుద్ధం తోడైంది. సోమాలియా తినే గోధుమల్లో దాదాపు 90 శాతం రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేవి.

ఇక ఆఖరి దశ. పడుకున్న ఆవు తనంతట తాను లేవలేదు. తెల్లవారగానే ఇంటివాళ్లు, చుట్టుపక్కల వాళ్లు కలిసి ఒకరు తోక దగ్గర, ఇద్దరు డొక్కల కింద చేతులు పెట్టి ఎత్తి నిలబెడతారు. నిలబడ్డాక కూడా కాసేపు పట్టుకోవాలి, వదిలితే మళ్లీ కూలబడుతుంది. నాలుగైదు ఆవులున్న ఇంట్లో పొద్దున పూట అంతా ఈ పనికే సరిపోతుంది. పేపర్లలో ఫొటోలు వచ్చేదీ, దాతల దేశాలు కదిలేదీ సరిగ్గా ఇప్పుడే. కానీ ఈ దశలో ఆ ఆవును కొనేవాడు ఉండడు. మేత వేసినా చాలావాటికి అరగదు, టీకా వేసినా పెద్దగా పట్టదు.

కాబట్టి ఏ సాయం మంచిదన్న ప్రశ్నకు ముందు, ఏ నెలలో ఇస్తున్నారని అడగాలి. పశువు కండ మీద ఉన్నప్పుడు చేయాల్సిన పని వేరు, ఎముకలు తేలాక చేయగలిగేది వేరు. ఈ సంగతి విపత్తుల్లో పశువుల విషయంలో సాయం ఎలా చేయాలో చెప్పే, 2009లో మొదటిసారి వచ్చిన లెగ్స్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు కుండబద్దలు కొట్టినట్టే చెప్పాయి. మూడో కూర్పు 2023లో వచ్చింది. అమలులో మాత్రం వెనకబాటు అలాగే ఉంది.

మొయాలెలో 2006

ముందు వెళ్తే ఏమవుతుందో చూపించిన మంచి ఉదాహరణ ఇథియోపియా, కెన్యా సరిహద్దులోని మొయాలె. అక్కడ బోరానా పశుపోషకులు ఎక్కువ. 2005 చివర్లో వానలు తప్పాయి, 2006 మొదటికి మందలు బక్కచిక్కడం మొదలైంది. సేవ్ ద చిల్డ్రన్ అనే సహాయ సంస్థ అమెరికా విభాగం, ఇథియోపియా ప్రభుత్వ పశు శాఖ కలిసి చేసిన పని చాలా చిన్నగా కనిపిస్తుంది. దేశం మధ్య ప్రాంతంలో పశువులను మేపి బలిపించి ఎగుమతి చేసే వ్యాపారులను తీసుకొచ్చి మొయాలె మందలు చూపించారు. ఇద్దరు వ్యాపారులకు 25,000 డాలర్ల చొప్పున అప్పు ఇచ్చారు. అంతే. సంస్థ తానుగా ఒక్క పశువునూ కొనలేదు.

వ్యాపారులు సుమారు 20,000 పశువులను కొన్నారు. పశుపోషకుల చేతికి వచ్చిన మొత్తం దాదాపు 10 లక్షల డాలర్లు. అమ్మిన కుటుంబాలు 5,400కు పైగా, ఒక్కో ఇంటికి సగటున 186 డాలర్లు. తలకు చూస్తే 50 డాలర్ల లెక్క. గొప్ప ధరేమీ కాదు, కానీ ఇంకో నెల ఆగితే ఆ పశువుకు చర్మం ఖరీదు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ కరువు నెలల్లో ఈ కుటుంబాల ఆదాయంలో సగానికి పైగా ఈ అమ్మకం నుంచే వచ్చిందని తర్వాత చేసిన అధ్యయనంలో తేలింది. సంస్థ పెట్టిన ఖర్చుతో పోలిస్తే కలిగిన ప్రయోజనం 41 రెట్లని కూడా అదే అధ్యయనం లెక్కగట్టింది.

డబ్బు దేనికి పోయిందన్నది ఇంకా ఆసక్తికరం. తిండి కొన్నారు, అది ఎలాగూ ఊహించేదే. మిగతాదాంట్లో పెద్ద వాటా మిగిలిన పశువులకే వెళ్లింది. మేత కొన్నారు, మందులు కొన్నారు, లారీ కట్టించుకుని మందను మేత ఉన్న చోటికి తరలించారు. అంటే నాలుగు పశువులను వదులుకుని మిగతావాటిని బతికించుకున్నారు. ఇది ఏ ఆఫీసులోనూ తీసుకున్న నిర్ణయం కాదు, ఇంటి యజమాని తన మందను చూసుకుని తేల్చుకున్నది. ఖర్చులో ఎక్కువ భాగం అక్కడి అంగళ్లలోనే తిరిగింది కాబట్టి మొయాలె బజారు కూడా బతికింది.

ఇంత బాగుంటే అందరూ ఇదే చేయొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కులున్నాయి. రోడ్డు కావాలి, కొనేవాడికి అవతల ఎగుమతి మార్కెట్ కావాలి. 2006లో అవి కలిసొచ్చాయి. సోమాలియాకు ఆ అదృష్టం ప్రతిసారీ ఉండదు. పశువుల నుంచి మనుషులకూ సోకే రిఫ్ట్ వ్యాలీ జ్వరం భయంతో సౌదీ అరేబియా అక్కడి పశువుల దిగుమతిని 2000లో ఆపేస్తే 2009 దాకా మళ్లీ తెరవలేదు. ఇక సంస్థల లోపలి చిక్కు ఒకటుంది. వ్యాపారికి అప్పు ఇవ్వడం సాయం పద్దులో ఎక్కడ రాయాలి? లాభం చేసుకునేవాడికి దాతల డబ్బు ఇచ్చామని చెప్పుకోవడం ఏ అధికారికైనా టెన్షనే. గింజల లారీ ముందు నిలబడి ఫొటో దిగడం సులువు.

కొనేవాళ్లు రాని దశలో మిగిలే దారి, సంస్థే పశువును కొని కోయించి, ఆ మాంసాన్ని అక్కడి కుటుంబాలకే పంచడం. దీనికి ఖర్చు ఎక్కువ, పశువైద్యుడి తనిఖీ కావాలి, వ్యర్థాలను పూడ్చే ఏర్పాటు కావాలి. అయినా ఊరికే చచ్చిపోయే పశువుకు కొంత డబ్బూ, ఇంటికి నాలుగు రోజులు మాంసమూ దక్కుతాయి.

దేనికి మేత వేయాలి

పశుపోషకుడికి గానీ సాయం చేసేవాడికి గానీ మింగుడుపడని మాట ఒకటుంది: మొత్తం మందను మేపాలనుకుంటే మంద మొత్తం పోతుంది. దూరం నుంచి గడ్డి తెప్పించడం మహా ఖరీదు, లారీ బాడుగ గడ్డి ఖరీదును మించిపోతుంది. అందుకే ఈనే వయసులో ఉన్న ఆవులు, చూడి మేకలు, ఒకటి రెండు మంచి పోతులు, ఇలా మళ్లీ మందగా పెరగడానికి కావాల్సిన వాటికే మేత, దాణా ఇవ్వాలని అనుభవం చెబుతోంది. ముసలి ఎద్దులు, వట్టిపోయిన ఆవులు ముందే సంతకు వెళ్లాలి. ఏది ఉండాలో ఏది పోవాలో చెప్పాల్సింది మాత్రం యజమానే. ఇంట్లో మేకలు, గొర్రెలు చాలాచోట్ల ఆడవాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి ఆ మాట అడగాల్సిన మనిషి ఇంటి పెద్ద ఒక్కడే కాదు.

ఇథియోపియాలోని సోమాలీ రాష్ట్రంలో సేవ్ ద చిల్డ్రన్, అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ కలిసి ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఎండాకాలంలో మంద దూరం వెళ్లినా ఒకటి రెండు పాడి పశువులను ఇంటి దగ్గరే ఉంచేలా చేసి, వాటికి మేత, టీకాలు అందించారు. ఆ ఇళ్లలో పిల్లలకు పాలు ఆగలేదు, కరువు ముదిరినా వాళ్ల బరువు పడిపోలేదు. చిక్కిశల్యమైన పిల్లలను పోషకాహార కేంద్రంలో చేర్చి బతికించే ఖర్చుతో పోలిస్తే ఆవుకు వేసిన గడ్డి చవక. పోషకాహార విభాగం, పశు విభాగం ఒకే ప్రాజెక్టులో కలిసి పనిచేయడం మాత్రం నేటికీ అరుదే.

కరువు ఏళ్లలో అనంతపురం వైపు ప్రభుత్వం నడిపిన పశుగ్రాస శిబిరాలు తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. మన దగ్గర పశువుకు పొలం, పాల కేంద్రం, ఊరు ఉన్నాయి. శిబిరం ఊళ్లో పెడితే సరిపోతుంది. బోరానాలకు ఊరే కదులుతుంది. మేత కేంద్రం ఒకచోట పెడితే చుట్టుపక్కల మందలన్నీ అక్కడికే చేరి, మిగిలిన కాస్త గడ్డినీ తొక్కేస్తాయి, రోగాలు అంటించుకుంటాయి.

నీళ్ల ట్యాంకర్ల కథా ఇంతే. మేత లేనిచోటికి ట్యాంకర్ తోలితే మందలు నీళ్ల కోసం వచ్చి ఆకలితో చస్తాయి. బోరానాలకు లోతైన తూలా బావులున్నాయి. మనుషులు మెట్టుమెట్టుకూ నిలబడి పాట పాడుతూ చేతికి చేయి బకెట్లు అందించుకుంటారు. ఏ మంద ఏ రోజు తాగాలో వరస పెట్టడానికి పెద్దమనుషులున్నారు. కరువు రాకముందే ఆ బావుల్లో పూడిక తీయించడం ట్యాంకర్ కంటే ఎప్పుడూ మేలు.

ఉచిత మందుల నష్టం

కరువులో పశువులు ఆకలితోనే కాదు, రోగంతోనూ పోతాయి. ముఖ్యంగా తొలి వాన పడినప్పుడు. నెలల తరబడి ఎండిపోయిన పశువు ఒక్క రాత్రి తడిసి చలికి చనిపోతుంది. పచ్చగడ్డితో పాటు పురుగులూ వస్తాయి. వాన పడింది కదా అని సంస్థలు సర్దుకుని వెళ్లిపోయేది కూడా అప్పుడే.

మందులు ఊరికే పంచడం మంచిపని లాగే కనిపిస్తుంది. కానీ ఆ ప్రాంతాల్లో పశువైద్యం ప్రభుత్వ డాక్టర్ల మీద కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానిక యువకుల మీద నడుస్తుంది. మన గోపాలమిత్రలకు దగ్గరగా ఉండే పని వాళ్లది. మంద వెంట నడుస్తారు, రోగాన్ని స్థానిక పేరుతో గుర్తుపడతారు, మందు అమ్ముకుని నాలుగు రూకలు సంపాదిస్తారు. సంస్థ వచ్చి లారీల కొద్దీ మందులు ఉచితంగా పంచితే ముందు దెబ్బతినేది వీళ్ల బతుకుతెరువు. కరువు పోయాక చూస్తే ఆ యువకుడు పట్నం వెళ్లిపోయి ఉంటాడు. దీనికి విరుగుడు కూపన్లు. కుటుంబానికి కూపన్ ఇస్తే అది తీసుకుని ఆ యువకుడి దగ్గరే వైద్యం చేయించుకుంటుంది, సంస్థ తర్వాత అతనికి డబ్బు కడుతుంది.

వీళ్ల శక్తి ఎంతో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో తేలింది. 1887లో ఇటలీ సైన్యం ఎర్రసముద్ర తీరంలోని మసావాలో దించిన పశువులతో రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు ఇథియోపియాలోకి వచ్చింది. ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్లినవేనని చాలామంది చరిత్రకారులు చెబుతారు. అక్కడి ఆవులు, ఎద్దుల్లో దాదాపు 90 శాతం పోయాయి, వెంటనే మహా కరువు వచ్చింది. అదే రోగాన్ని 1990లలో అఫార్ ఎడారిలో ఐస్ పెట్టెలు అంతగా అక్కర్లేని, వేడిని తట్టుకునే టీకాతో ఈ స్థానిక కార్యకర్తలే తరిమేశారు. డాక్టర్లు వెళ్లలేని చోట్లకు వాళ్లు వెళ్లారు. 2011లో ప్రపంచం నుంచే ఆ రోగం పోయిందని ప్రకటించారు.

ఉపగ్రహం చూసే పచ్చదనం

ముందే డబ్బు చేతికి అందాలన్న ఆలోచన నుంచి పుట్టింది కెన్యాలోని మార్సబిట్ జిల్లా పశు బీమా. 2010లో నైరోబీలోని అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ దీన్ని మొదలుపెట్టించింది. చచ్చిన ఆవును చూపించి, ఫొటో తీసి, సర్టిఫికెట్ తెచ్చే మన పద్ధతి అక్కడ కుదరదు. వందల కిలోమీటర్ల అవతల ఉన్న మందను ఎవరు తనిఖీ చేస్తారు? అందుకని ఉపగ్రహం ఆ ప్రాంతంలో పచ్చదనం ఎంత ఉందో కొలుస్తుంది. అది ఒక గీత కంటే దిగువకు పోతే బీమా తీసుకున్న అందరికీ డబ్బు వస్తుంది. ఎవరి పశువు చచ్చింది, ఎవరిది బతికింది అన్న వాదనే లేదు.

మొదట్లో ఇందులోనూ అదే ఆలస్యం ఉండేది. సీజన్ ముగిసి, పశువులు చనిపోయాక నష్టపరిహారంలా డబ్బు ఇచ్చేవారు. 2011 కరువుకు తొలి చెల్లింపులు అక్టోబర్‌లో జరిగాయి. తర్వాత పాలసీని మార్చారు. గడ్డి రాదని తేలగానే, పశువు ఇంకా నిలబడి ఉండగానే డబ్బు ఇస్తే దాంతో మేత కొంటారు కదా అన్నది కొత్త లెక్క. బీమాలో ఇంత చిన్న మార్పు ఇంత పెద్ద తేడా తెస్తుందని మొదట ఎవరికీ తట్టకపోవడమే వింత.

పచ్చదనం అంతా మేత కాదన్నది దీని బలహీనత. మన సర్కారు తుమ్మ అక్కడా ఉంది, కెన్యాలో దాన్ని మథెంగె అంటారు. ఎడారి పెరగకుండా ఆపుతుందని 1980లలో తెచ్చి నాటారు, ఇప్పుడు మేత బీళ్లను మింగేస్తోంది. నేల ఎండిపోయినా అది పచ్చగానే ఉంటుంది, ఉపగ్రహానికి బాగానే కనిపిస్తుంది. ఆ తీపి కాయలు తిని పళ్లు రాలిన మేకను బారింగో ప్రాంతంవాళ్లు ఏకంగా నైరోబీ కోర్టుకు సాక్ష్యంగా తీసుకెళ్లారు. మన పల్లెల్లో దానితో బొగ్గు కాల్చి నెట్టుకొచ్చాం గానీ, కోర్టు ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

బీమా కట్టలేని పేదలకు కెన్యా ఉత్తర జిల్లాలు నాలుగింటిలో, అంటే తుర్కానా, మార్సబిట్, మందెర, వజీర్‌లలో నగదు పథకం మొదలైంది. రెండు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. ఇందులో తెలివైన విషయం ఏమిటంటే, మామూలుగా పథకంలో లేని కుటుంబాల పేర్లు కూడా ముందే నమోదు చేసి ఖాతాలు తెరిపించారు. కరువు సూచిక ఎర్రగీత దాటగానే ఆ ఖాతాల్లోనూ డబ్బు వేస్తారు. జాబితాలు రాసుకుంటూ కూర్చోవాల్సిన పనిలేదు.

అయితే వీటన్నిటికీ ముందస్తు హెచ్చరిక ఆధారం. 1980ల ఇథియోపియా కరువు తర్వాత అమెరికా 1985లో ఏర్పాటు చేసిన ఫ్యూస్ నెట్ అనే కరువు హెచ్చరికల వ్యవస్థ వానలు, పంటలు, మేక ధర, మొక్కజొన్న ధర అన్నీ కలిపి చూసి అంచనాలు ఇచ్చేది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు ఆ వెబ్‌సైటే కొన్ని నెలలు మూతపడింది. హెచ్చరిక ఉన్నా ఆలస్యంగా కదలడం పాత జబ్బు. 2011లో సోమాలియాలో కరువు ముంచుకొస్తోందని నెలల ముందే చెప్పినా జూలైలో అధికారిక ప్రకటన వచ్చేదాకా నిధులు సరిగా రాలేదు. ఆ కరువులో సుమారు 2,60,000 మంది పోయారు. అసలు హెచ్చరికే లేకపోతే ఇంకా కష్టం.

మళ్లీ మంద కట్టడం

అన్నీ అయ్యాక పశువులు పోయిన కుటుంబానికి కొత్త పశువులు ఇవ్వడం మిగులుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అన్ని సాయాల్లోకీ ఖరీదైనది, తప్పులు దొర్లేది ఇదే. ఆవు చూడి 9 నెలలు, ఒంటె చూడి దాదాపు 13 నెలలు. మేక 5 నెలల్లో ఈనుతుంది. కాబట్టి మొదట మేకలు, గొర్రెలు ఇస్తే తొందరగా తేరుకుంటారు. రెండు మూడు మేకలు మొక్కుబడిగా ఇస్తే అవి ఆకలికి అమ్ముడుపోతాయి. మంద నిలదొక్కుకునేదాకా ఇంటికి గింజలో డబ్బో అందుతూనే ఉండాలి.

బయటి నుంచి టోకున కొని తెచ్చిన పశువులతో వచ్చే ఇబ్బందులు తెలంగాణకు బాగా తెలుసు. కరువు సాయం కాదు గానీ, 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 75 శాతం సబ్సిడీతో ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో కొన్నారు. నీరు, మేత మారి కొన్ని చనిపోయాయని ఫిర్యాదులు వచ్చాయి. ఇచ్చిన గొర్రెలే మళ్లీ దళారుల చేతికి వెళ్లి, తిరిగి కొన్నట్టు లెక్కల్లో చేరాయన్న ఆరోపణలు ఏసీబీ కేసుల దాకా వెళ్లాయి. పెద్ద సంఖ్యలో, తక్కువ కాలంలో, అధికారులే కొనిపెట్టే పద్ధతికి ఈ ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది.

బోరానాలకు దీనికి సొంత ఏర్పాటు ఉంది, దాన్ని బూసా గోనోఫా అంటారు. మంద పోగొట్టుకున్నవాడు తన వంశపు పెద్దల సభలో చెప్పుకుంటాడు. పోయింది కరువుకా, సోమరితనానికా అని విచారిస్తారు, తర్వాత ఎవరెవరు ఏ పశువు ఇవ్వాలో తేలుస్తారు. 2020 తర్వాతి కరువులో ఇచ్చేవాళ్ల మందలే పోవడంతో ఈ ఏర్పాటు మీద భారం మోయలేనంత పడింది. సంస్థలు కొన్నిచోట్ల ఈ పెద్దల సభతోనే కలిసి పనిచేశాయి. ఎవరికి ఇవ్వాలో సభ తేలుస్తుంది, కూపన్‌తో స్థానిక సంతలో పశువును ఎంచుకునేది ఆ కుటుంబమే, పశువైద్య కార్యకర్త పక్కన ఉండి పళ్లు, పొదుగు చూసి రోగం లేదని చెబుతాడు. ఇలా ఎంచుకున్న మేక ఆ నేల మీద పుట్టిందే, అక్కడి మేతకు అలవాటు పడిందే. 2023 చివర్లో ఎల్ నినో వరదలు వచ్చి కొత్త మందల్లో కొన్ని కొట్టుకుపోయినా, కూపన్ పద్ధతి తెలిసిన చోట మళ్లీ జాబితా రాయాల్సిన అవసరం లేకుండానే రెండో విడత మొదలుపెట్టవచ్చు. డబ్బు ఉంటేనే అనుకోండి.